మాంట్ బ్లాంక్ ఎక్కాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దులో ఉన్న ఆల్ప్స్ శిఖరం మాంట్ బ్లాంక్ గురించి ఎవరిని కదిపినా రెండు మాటలు వినిపిస్తాయి. “ఓపికుంటే చాలు, ఎవరైనా ఎక్కొచ్చు” అనేది ఒకటి. “అక్కడ ఏటా మనుషులు పోతున్నారు” అనేది రెండోది. రెండూ నిజమే. మామూలు దారిలో పెద్ద రాక్ క్లైంబింగ్ ఏమీ ఉండదు, అయినా ప్రాణాలు పోతున్నాయి. అందుకే ఇక్కడ “ఏ దారి తేలిక?” అని కాకుండా “ఏ దారిలో ఏ ప్రమాదం ఉంది, దాన్ని నేను తట్టుకోగలనా?” అని అడగాలి. కింది జవాబులన్నీ ఆ ఉద్దేశంతో రాసినవే.

అసలు ఎత్తెంత? ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తోందేం?

పైన ఉన్నది మంచు కాబట్టి. రాతి శిఖరం 4,792 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, ఆ పైదంతా మంచు టోపీ. గాలి ఎటు వీచింది, ఆ ఏడాది ఎంత మంచు పడింది అన్నదాన్ని బట్టి అది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఫ్రాన్స్‌లోని ఓత్ సావోయ్ జిల్లా సర్వేయర్లు 2001 నుంచి రెండేళ్లకోసారి పైకెళ్లి కొలుస్తున్నారు. 2007లో 4,810.90 మీటర్లు, 2021లో 4,807.81, 2023లో 4,805.59 వచ్చింది. ఈ అంకెలు చూసి “వాతావరణ మార్పు వల్ల శిఖరం కరిగిపోతోంది” అని రాసేవాళ్లున్నారు. అంత ఎత్తులో టోపీని మార్చేది ఎక్కువగా గాలీ, మంచు కురిసే తీరూ. వేడెక్కడం ప్రభావం చూడాలంటే శిఖరం వైపు కాదు, కింది గ్లేసియర్ల (మెల్లగా కదిలే మంచు నదుల) వైపు, రాతి గోడల వైపు చూడాలి. దాని సంగతి కింద వస్తుంది.

ఆ టోపీ ఎంత మందమో తెలియని రోజుల్లో జూల్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1893లో నేరుగా శిఖరం మీదే అబ్జర్వేటరీ కట్టించాడు. పునాదికి రాయి దొరుకుతుందని తవ్వి చూశారు, దొరకలేదు. చివరికి మంచు మీదే నిలబెట్టారు. 1909 నాటికి అది మంచులో కూరుకుపోయి పనికిరాకుండా పోయింది.

యూరప్‌లో ఇదే ఎత్తైన శిఖరమా?

ఆల్ప్స్‌లో ఇదే. కాకసస్ పర్వతాలను యూరప్‌లో కలిపి లెక్కిస్తే రష్యాలోని 5,642 మీటర్ల ఎల్బ్రస్ ముందుంటుంది.

ఎత్తైన చోట్ల ట్రెకింగ్ చేసిన అనుభవం సరిపోతుందా?

సరిపోదు. ఎత్తులో నడిచిన అలవాటు ఊపిరికి, కాళ్లకు పనికొస్తుంది. ఇక్కడ అదనంగా కావాల్సినవి వేరే ఉన్నాయి. బూట్లకు క్రాంపాన్లు (ఇనుప ముళ్లు) తగిలించుకుని గట్టి మంచు వాలు మీద నడవడం రావాలి. జారితే ఐస్ యాక్స్‌తో ఆపుకోవడం రావాలి. ముగ్గురు ఒకే తాడుకు కట్టుకుని గ్లేసియర్ మీద నడవడం, పైన పలచగా మంచు కప్పేసిన పగులులో ఒకరు పడిపోతే మిగతావాళ్లు ఆపి పైకి లాగడం రావాలి. ఇవేవీ పుస్తకం చదివితే వచ్చేవి కావు. ఒక వారం శిక్షణ తీసుకుని, తక్కువ ఎత్తు గ్లేసియర్ మీద చేతులారా చేసి చూశాక అప్పుడు మాంట్ బ్లాంక్ గురించి ఆలోచించండి.

పైకి ఎన్ని దారులున్నాయి?

చాలా ఉన్నాయి. మామూలు క్లైంబర్లు పట్టుకునేవి మాత్రం నాలుగు. ఫ్రాన్స్ వైపు గూటే దారి, మూడు శిఖరాల దారి, పాతదైన గ్రాండ్ ములే దారి, ఇటలీ వైపు గోనెల్లా హట్ (క్లైంబర్లు రాత్రి ఉండే కొండ బస) మీదుగా వెళ్లే దారి. ఎక్కువమంది వెళ్లేది గూటే మీదుగానే.

గూటే దారి ఎలా సాగుతుంది?

సెయింట్ జెర్వే దగ్గర ఎక్కిన మాంట్ బ్లాంక్ ట్రామ్ 2,372 మీటర్ల ఎత్తులోని నీ దెగ్ల్ స్టేషన్‌లో దింపుతుంది. అక్కడి నుంచి రాళ్ల దారిలో నడిస్తే 3,167 మీటర్ల దగ్గర తేత్ రూస్ హట్. ఆ తర్వాత గ్రాండ్ కులువార్ అనే రాతి కాలువను అడ్డంగా దాటి, దాని పక్కనున్న రాతి గట్టును చేతులూ కాళ్లూ ఉపయోగించి దాదాపు 600 మీటర్లు పైకి ఎక్కాలి. తాళ్లు కట్టి ఉంటాయి. పైన 3,835 మీటర్ల దగ్గర గూటే హట్ ఉంది. గుడ్డు ఆకారంలో మెరిసే ఈ కొత్త భవనం 2013లో మొదలైంది. ఇందులో 120 మంది పడుకోవచ్చు.

రెండో రోజు తెల్లవారుజామున రెండు గంటలకల్లా హెడ్‌ల్యాంపులు వెలుగుతాయి. మొదట 4,304 మీటర్ల డోమ్ ద్యు గూటే వరకు వెడల్పాటి మంచు వాలు. ఎండలో చూస్తే ఏమీ లేనట్టుంటుంది. పొగమంచు కమ్మిందంటే ఎటు చూసినా తెలుపే, దారి తప్పడం చాలా సులువు. తర్వాత 4,362 మీటర్ల దగ్గర ‘వాలో’ అనే షెల్టర్ వస్తుంది. అది ఆపదలో తలదాచుకోవడానికే, రాత్రి బసకు ప్లాన్ చేసుకునే చోటు కాదు. అక్కడి నుంచి బోస్ రిడ్జ్ మొదలవుతుంది. రెండు వైపులా జారుడు, మధ్యలో ఒక అడుగు వెడల్పు దారి. పైకి వెళ్లేవాళ్లూ కిందికి వచ్చేవాళ్లూ ఎదురుపడేది ఇక్కడే. హట్ నుంచి శిఖరానికి నాలుగు నుంచి ఐదు గంటలు పడుతుంది.

గ్రాండ్ కులువార్‌ను చూసి అందరూ ఎందుకంత భయపడతారు?

దాటాల్సిన వెడల్పు వంద మీటర్లు కూడా ఉండదు. బాగున్న రోజున ఒకటి రెండు నిమిషాల్లో దాటేయొచ్చు. పై నుంచి రాళ్లు పడతాయి, అదీ అసలు సమస్య. పిడికిలంత రాయైనా వందల మీటర్ల పై నుంచి వచ్చి తగిలితే హెల్మెట్ కాపాడుతుందన్న నమ్మకం లేదు.

రాళ్లు ఎందుకు పడతాయంటే, ఆ గోడను పట్టి ఉంచేది మంచు. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న మంచు సిమెంటులా పనిచేస్తుంది. ఎండాకాలం వేడికి అది కరిగితే రాళ్లు పట్టు తప్పుతాయి. పగలు కరిగిన నీరు పగుళ్లలోకి దిగి ఇంకా వదులు చేస్తుంది. పైన ఎక్కేవాళ్ల కాళ్ల కింద నుంచి దొర్లే రాళ్లు వీటికి తోడు. పొద్దెక్కేకొద్దీ, ముఖ్యంగా మధ్యాహ్నం తర్వాత ప్రమాదం పెరుగుతుంది. రాత్రంతా గడ్డకట్టని వేడి రోజుల్లో తెల్లవారుజాము కూడా అంత భరోసా ఇవ్వదు.

2022 వేసవిలో ఇది బాగా తెలిసొచ్చింది. రాళ్లు ఆగకుండా పడుతుండటంతో గైడ్లు ఈ దారిలో మనుషుల్ని తీసుకెళ్లడం ఆపేశారు. అయినా కొందరు సొంతంగా వెళ్తూనే ఉన్నారు. విసిగిపోయిన సెయింట్ జెర్వే మేయరు, ఎక్కేవాళ్ల నుంచి 15,000 యూరోల డిపాజిట్ తీసుకోవాలన్నాడు. అందులో 10,000 రెస్క్యూకి, 5,000 అంత్యక్రియలకి! ఆగస్టులో తేత్ రూస్, గూటే హట్లు రెండూ మూసేశారు.

దాటేటప్పుడు పాటించాల్సింది ఇది. అంచున నిలబడి కాసేపు వినాలి. రాళ్లు వస్తున్నాయేమో పై వైపు చూస్తూ ఉండమని ఒకరికి చెప్పాలి. ఒక్కొక్కరే, ఆగకుండా, త్వరగా దాటాలి. మధ్యలో ఫొటోలు వద్దు, క్రాంపాన్లు సర్దుకోవడం వద్దు. తిరుగు దారిలోనూ ఇదే చోటు దాటాలన్నది చాలామంది మర్చిపోతారు. శిఖరం చేరిన సంతోషంలో హట్‌లో కూర్చుని మధ్యాహ్నం దాకా కాలక్షేపం చేసి బయల్దేరితే, రాళ్లు ఎక్కువగా పడే వేళకు సరిగ్గా అక్కడుంటారు.

మూడు శిఖరాల దారి సంగతేమిటి?

నా ఉద్దేశంలో అందం విషయంలో దీనికి సాటి లేదు. ఫ్రాన్స్ వైపు కొండ కింద ఉన్న షమొనీ ఊరి నుంచి కేబుల్ కారులో 3,842 మీటర్ల ఎగ్వీ ద్యు మిదీ చేరి, ఒక సన్నటి మంచు గట్టు దిగి 3,613 మీటర్ల కాస్మిక్ హట్‌లో పడుకుంటారు. రాత్రి ఒంటిగంట ప్రాంతంలో లేచి 4,248 మీటర్ల మాంట్ బ్లాంక్ ద్యు తాక్యుల్ భుజం మీదుగా, ఆపై 4,465 మీటర్ల మాంట్ మోడిట్ భుజం మీదుగా బ్రెన్వా కనుమకు దిగి, చివరి వాలు ఎక్కి శిఖరం చేరతారు. మోడిట్ భుజం దగ్గర వాలు నిటారుగా ఉంటుంది, క్రాంపాన్ల ముందు ముళ్లను మంచులో గుచ్చుకుంటూ ఎక్కాలి.

ఇక్కడ రాళ్ల భయం తక్కువ, మంచు భయం ఎక్కువ. తాక్యుల్ వాలు మీద సెరాక్‌లు వేలాడుతుంటాయి. ఇళ్లంత మంచు దిమ్మలవి, గ్లేసియర్ కదులుతున్నకొద్దీ ఎప్పుడో ఒకప్పుడు విరిగి పడాల్సిందే. రాత్రి చలికి రాళ్లు కొంత కుదుటపడతాయి గానీ సెరాక్‌లకు వేళాపాళా ఉండదు. 2008 ఆగస్టు 24న తాక్యుల్ వాలుపై సెరాక్ విరిగి వచ్చిన హిమపాతంలో 8 మంది చనిపోయారు. 2012 జూలై 12న మోడిట్ వాలు మీద మంచు పలక జారి 9 మంది పోయారు. రెండూ తెల్లవారకముందో, తెల్లవారుతుండగానో జరిగినవే. తొందరగా బయల్దేరడం మంచిదే, కానీ దాంతో అన్ని ప్రమాదాల నుంచీ తప్పించుకున్నట్టు కాదు.

ఇంకో చిక్కు. ఈ దారిలో తిరిగి రావాలంటే మధ్యమధ్యలో మళ్లీ ఎక్కాలి, చివర కేబుల్ కారు స్టేషన్‌కి కూడా పైకే. అలసిపోయిన ఒంటితో ఆఖరి కేబుల్ కారు టైమును అందుకోవడం పెద్ద టెన్షన్. అందుకే కొందరు ఇటు ఎక్కి గూటే వైపు దిగుతారు.

ఇటలీ వైపు నుంచి ఎక్కొచ్చా?

ఎక్కొచ్చు. రద్దీ చాలా తక్కువ. వెని లోయ నుంచి పొడవాటి మియాజ్ గ్లేసియర్ మీద నడిచి 3,071 మీటర్ల గోనెల్లా హట్ చేరాలి. అక్కడి నుంచి పగుళ్లతో నిండిన డోమ్ గ్లేసియర్ దాటి పైన బోస్ రిడ్జ్‌లో కలుస్తారు. దీన్ని పోప్ దారి అంటారు. 1890లో ఆకీల్లె రాత్తి అనే మిలాన్ పూజారి శిఖరం నుంచి ఈ వైపు దిగాడు. తర్వాత 1922లో ఆయనే పదకొండవ పయస్ పోప్ అయ్యాడు. వేసవి ముదిరేకొద్దీ గ్లేసియర్ మీది మంచు వంతెనలు కూలిపోతాయి కాబట్టి ఈ దారి సీజను త్వరగా ముగుస్తుంది. పొడవు కూడా ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకు చెప్పను.

గ్రాండ్ ములే దారిలో ఇప్పుడెవరైనా వెళ్తారా?

వసంతంలో స్కీలతో వెళ్తారు. వేసవిలో కాలినడకన వెళ్లేవాళ్లు బాగా తగ్గిపోయారు. పై భాగంలో సెరాక్‌ల కింద నుంచి చాలాసేపు నడవాల్సి రావడం దానికి కారణం. అయితే చరిత్ర అంతా ఇటువైపే ఉంది. జెనీవా శాస్త్రవేత్త సోస్యూర్ 1760లో శిఖరానికి దారి కనిపెట్టినవారికి బహుమతి ప్రకటించాడు. 26 ఏళ్ల తర్వాత, 1786 ఆగస్టు 8న షమొనీ డాక్టర్ మిషెల్ గాబ్రియెల్ పకార్, స్ఫటికాలు ఏరుకుని అమ్మే జాక్ బాల్మా ఈ వైపు నుంచే శిఖరం చేరారు. తాడు లేదు, క్రాంపాన్లు లేవు. మరుసటి ఏడాది సోస్యూర్ కూడా ఎక్కాడు. 1808లో మరీ పారాడీ, 1838లో ఆన్రియెట్ దాంజెవిల్ ఎక్కారు. ఎక్కిన మొదటి ఇద్దరు మహిళలు వీళ్లే. 1820లో హామెల్ అనే డాక్టరు బృందంలోని ముగ్గురు గైడ్లు హిమపాతంలో కొట్టుకుపోయాక, 1821లో షమొనీ గైడ్ల సంఘం ఏర్పడింది. అది నేటికీ ఉంది.

నిపుణులు ఎక్కే దారులు ఏవి?

ఇటలీ ముఖం మీద ఉన్నవన్నీ. బ్రెన్వా స్పర్‌ను 1865 జూలై 15న ఎక్కారు, అంటే ఆల్ప్స్‌లోని మరో ప్రసిద్ధ శిఖరం మాటర్‌హార్న్‌ను మొదటిసారి ఎక్కిన మరునాడే. పెటరే రిడ్జ్, ఇనోమినాటా, ఫ్రెనే సెంట్రల్ పిల్లర్ ఇంకా కష్టం. ఫ్రెనే పిల్లర్ మీద 1961 జూలైలో ఇటలీ క్లైంబర్ వాల్టర్ బొనాట్టి సహా ఏడుగురు తుఫానులో చిక్కుకున్నారు. నలుగురు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు చివర్లో క్రిస్ బోనింగ్టన్, డాన్ విలన్స్, ఇయాన్ క్లఫ్, యాన్ జుగ్లోష్ దాన్ని పూర్తిచేశారు. ఈ దారులు పట్టేవాళ్లకు ఈ పేజీతో పనిలేదు.

పీడీ, ఏడీ అని రాసి ఉంటుంది, అదేమిటి?

ఆల్పైన్ కష్టం గ్రేడు. ఎఫ్ తో మొదలై పీడీ, ఏడీ, డీ, టీడీ, ఈడీ వరకు పెరుగుతుంది. గూటే దారి పీడీ. మూడు శిఖరాల దారి దానికన్నా ఒక మెట్టు పైన. ఈ గ్రేడు ఎక్కడం ఎంత కష్టమో చెబుతుంది గానీ రాళ్లు ఎన్ని పడతాయో చెప్పదు. పీడీ అని చూసి ధైర్యం తెచ్చుకుంటే మోసపోతారు.

హట్ రిజర్వేషన్ లేకుండా వెళ్లొచ్చా? టెంట్ వేసుకోవచ్చా?

రెండూ కుదరవు. ఫ్రాన్స్ వైపు మామూలు దారిలో వెళ్లాలంటే మీ పేరుతో హట్ బుకింగ్ ఉండాలి. దారిలో ఆపి అడుగుతారు, లేకపోతే వెనక్కి పంపుతారు. ఆ ప్రాంతమంతా రక్షిత స్థలం. ఇష్టమొచ్చినచోట టెంట్ వేస్తే జరిమానా మామూలుగా ఉండదు. గూటే హట్ బుకింగులు తెరిచిన కాసేపటికే వేసవి తేదీలు అయిపోతాయి. నిజానికి చాలామందిని ఆపేది కొండ కాదు, ఈ బుకింగే! గూటేలో దొరక్కపోతే తేత్ రూస్‌లో చూడండి. అక్కడి నుంచి శిఖరానికి రోజు పొడవవుతుంది గానీ కులువార్‌ను చీకట్లో, చలిలో దాటే వీలుంటుంది.

ఏ నెలల్లో వెళ్లాలి?

జూన్ మొదలు సెప్టెంబరు మధ్య వరకు. మంచు బాగా ఉండే జూన్ చివర, జూలై మొదటి వారాలు కొంత మేలు. ఆగస్టులో రాళ్లు, తెరుచుకున్న పగుళ్లు ఎక్కువ. క్యాలెండరు కన్నా ఆ వారం వాతావరణం ముఖ్యం. అందుకే ఒకే తేదీకి కట్టుబడకుండా రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి.

ఎత్తుకు అలవాటు పడటానికి ఏం చేయాలి?

శిఖరం మీద ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగం కన్నా కొంచెం ఎక్కువ. లోయలో దిగిన రెండో రోజే పైకి బయల్దేరేవాళ్లలో ఎక్కువమందికి తలనొప్పి, వాంతులు, కాళ్లు కదలని నీరసం వస్తాయి. ముందు రెండు మూడు రాత్రులు 3,000 మీటర్ల పైన గడపడం, మధ్యలో ఒక 4,000 మీటర్ల శిఖరం ఎక్కి దిగడం మంచి పద్ధతి. ఇటలీలోని 4,061 మీటర్ల గ్రాన్ పారడీసో ఇందుకు చాలామంది ఎంచుకునేది. క్రాంపాన్లతో నడక ప్రాక్టీసూ అక్కడే అయిపోతుంది.

తలనొప్పి మొదలైతే, అది తగ్గేదాకా ఇంకా పైకి పోకండి. తూలుతున్నా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతున్న గుర్తు. వెంటనే కిందికి దిగాలి. “కాసేపు చూద్దాం” అనుకునే సమయం కాదది.

గైడ్ తప్పనిసరా?

చట్టం అడగదు. మీకు గ్లేసియర్ అనుభవం లేకపోతే మాత్రం తప్పనిసరే అనుకోండి. ఈ శిఖరానికి ఒక గైడ్ ఇద్దరికి మించి తీసుకెళ్లడు. అంతర్జాతీయ గైడ్ల సమాఖ్య గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. మంచి గైడ్ మిమ్మల్ని పైకి చేర్చేవాడే కాదు, అవసరమైతే డబ్బు కట్టించుకున్నా సరే “ఇవాళ వద్దు” అని వెనక్కి తిప్పేవాడు కూడా. ఆ మాట చెప్పినప్పుడు వాదనకు దిగొద్దు.

ప్రమాదం జరిగితే ఎవరొస్తారు?

112కి ఫోన్ చేస్తే ఫ్రాన్స్ వైపు పర్వత జాండార్మ్ (సైనిక పోలీసు) దళం హెలికాప్టర్‌లో వస్తుంది. 1956-57 చలికాలంలో విన్సెండన్, ఆన్రీ అనే ఇద్దరు కుర్రాళ్లు కొండ మీద రోజుల తరబడి చిక్కుకుని, కింద జనం చూస్తుండగానే చనిపోయారు. ఆ దుమారం తర్వాత 1958లో షమొనీలో ఈ దళం ఏర్పడింది. ఫ్రాన్స్‌లో కొండ మీది రెస్క్యూకి డబ్బు తీసుకోరు. ఆసుపత్రి ఖర్చు, ఇటలీ వైపు రెస్క్యూ అలా కాదు, ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లొద్దు. పెనుగాలిలో, పొగమంచులో హెలికాప్టర్ ఎగరదు. అప్పుడు మీ దగ్గర ఉన్న వెచ్చటి బట్టలే ఆధారం.

ఎయిర్ ఇండియా విమానాలు కూలింది ఈ కొండ మీదేనా?

అవును, రెండుసార్లు. 1950 నవంబరు 3న ‘మలబార్ ప్రిన్సెస్’ కూలి 48 మంది, 1966 జనవరి 24న ‘కాంచన్‌జంగా’ అనే బోయింగ్ 707 కూలి 117 మంది చనిపోయారు. రెండో విమానంలో హోమీ భాభా ఉన్నారు. విమానం జెనీవాలో దిగబోతూ, కొండను దాటేశామన్న పొరపాటు అంచనాతో కిందికి వచ్చింది. శిథిలాలు బోసన్ గ్లేసియర్‌లో చిక్కుకుని, దాని కదలికతో పాటు మెల్లగా కిందికి జారుతూ ఇప్పటికీ బయటపడుతున్నాయి. 2012లో భారత ప్రభుత్వ దౌత్య టపా సంచి దొరికింది. 2013లో ఒక యువ క్లైంబర్‌కు పచ్చలు, నీలాలున్న పెట్టె దొరికితే పోలీసులకు అప్పగించాడు. 2021లో వాటిని అతనికీ షమొనీ పురపాలికకూ చెరిసగం పంచారు. 2020లో ఇందిరా గాంధీ ఎన్నికల గెలుపు వార్తలున్న పత్రికలు బయటపడ్డాయి.

గ్లేసియర్ల వల్ల కింది ఊళ్లకు ప్రమాదం ఉందా?

ఉంది, ఒకసారి జరిగింది కూడా. 1892 జూలైలో తేత్ రూస్ గ్లేసియర్ లోపల పేరుకున్న నీరు రాత్రివేళ బద్దలై సెయింట్ జెర్వే మీద పడింది. సుమారు 175 మంది చనిపోయారు. 2010లో అదే గ్లేసియర్ లోపల మళ్లీ 50,000 ఘనపు మీటర్లకు పైగా నీరుందని తేలడంతో, రంధ్రాలు వేసి పంపులతో తోడేశారు. ఆ తర్వాత కూడా కనిపెట్టి చూస్తూనే ఉన్నారు. గూటే దారిలో మొదటి హట్ ఉన్నది ఈ గ్లేసియర్ పక్కనే.

ఎక్కకుండా దగ్గర నుంచి చూడాలంటే?

ఎగ్వీ ద్యు మిదీ కేబుల్ కారు ఎక్కండి. నేరుగా 3,842 మీటర్లకు చేరతారు కాబట్టి తల తిరిగితే కంగారు పడకుండా కిందికి వచ్చేయండి. నడక ఇష్టమైతే ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా కొండ చుట్టూ తిరిగే సుమారు 170 కిలోమీటర్ల కాలిబాట ఉంది. దానికి తాడూ క్రాంపాన్లూ అక్కర్లేదు. సాధారణంగా పది, పదకొండు రోజులు పడుతుంది, బసలు మాత్రం ఇక్కడా ముందే బుక్ చేసుకోవాలి.